చదవకుండా వదిలేసిన పేరా

జులై 1

మళ్ళీ పెద్దాయనే నా నెత్తిన పడ్డాడు. ఆడియో పుస్తకాల ఓనరు పొద్దున్నే ఫోన్ చేసి, పెద్దాయన సమగ్ర రచనల్లో ఆఖరి సంపుటం ఒకటి మిగిలిపోయిందని, అది కూడా నేనే చదవాలని అన్నాడు. కాదనడానికి నా దగ్గర సాకు లేదు. ఆయన నవలలన్నీ నా గొంతులోంచే వెళ్ళాయి. పిల్లికి కూడా అన్యాయం జరగని నవలలు. ప్రతిదాంట్లోనూ ఒక తల్లి ఏడుస్తుంది, ఒక తమ్ముడు తప్పిపోయి దొరుకుతాడు, ఆఖరి అధ్యాయంలో అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తారు. ఏడేసి వందల పేజీల్లో ఒక్క మనిషి కూడా ఆవలించడు. ఆ పని మనకి వదిలేశాడు మహానుభావుడు.

పెళ్ళికి ఏం ఇవ్వాలో తోచనివాళ్ళంతా ఆయన నవలే ఇస్తారు. నా పెళ్ళికి మూడు వచ్చాయి. పెళ్ళి ఏడాది తిరక్కుండానే పోయింది, నవలలు మాత్రం షెల్ఫులో దిట్టంగా ఉన్నాయి.

ఈ సంపుటం కథలట. ఆయన కథలు రాశాడని నాకే తెలీదు. బళ్ళో పాఠం చెప్పినవాళ్ళు ఎవరూ అనలేదు. ఓనరు కూడా చదవలేదు. చదవకుండానే అట్ట మీద ‘ఇంటిల్లిపాదీ వినదగ్గ కథలు’ అని వేయించేశాడు.

చిన్నదానికి మధ్యాహ్నం మాత్రలు, బత్తాయి రసం ఇచ్చాను. సగం తాగి చాలంది. నీరసం ఇంకా వదల్లేదు. ముప్పై దాటిన చెల్లెల్ని చిన్నది అనకూడదని పేచీ పెడుతుంది. అమ్మ పోయినప్పుడు నా నడుము దాకా వచ్చేది. ఇంకేమని పిలవను?

జులై 3

మొదటి కథ చదివి, పుస్తకం మూసి, అట్ట చూశాను. ఆయనే. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పన్ను నొప్పి ఉన్నవాడిలా అదే ఫోటో.

కథ ఇదీ. ఒకరింటికి చుట్టం వస్తాడు. ఎవరి తరఫు చుట్టమో ఎవరికీ తెలీదు. భర్త తన భార్య తరఫనుకుంటాడు, ఆవిడ ఆయన తరఫనుకుంటుంది. అడిగితే బాగుండదని ఊరుకుంటారు. వచ్చినాయన ఏమీ మాట్లాడడు, కుర్చీలో కూర్చుని మెల్లగా నవ్వుతుంటాడు. ఆ నవ్వు చూసి ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆయన పక్కన చేరి, ఎవరికీ చెప్పని సంగతులన్నీ చెవిలో చెప్పేసుకుంటారు. కొన్నాళ్ళకి ఆయన వెళ్ళిపోతాడు. ఆ పూట నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూడరు. అంతే. బల్లా లేదు, భోజనమూ లేదు.

రికార్డింగ్ గదిలో అద్దానికి అవతల సౌండు చూసే చెవులాయన కూర్చుంటాడు. నేను తప్పు చదివినప్పుడల్లా ఒక చప్పట్టు కొడతాను. కంప్యూటర్లో అక్కడ గీత నిటారుగా లేస్తుంది, ఆయన అది చూసి కోసేస్తాడు. ఆయన వినేది చప్పుళ్ళు మాత్రమే. నోటి చప్పుడు, ఫ్యాను చప్పుడు, ఆకలేస్తే నా కడుపులో చప్పుడు. కథ వినడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఇవాళ హెడ్‌ఫోన్ తీసి, ‘ఇంతకీ ఆయన ఎవరి చుట్టం మేడమ్?’ అని అడిగాడు. నాకు తెలిస్తే కదా.

పుస్తకంలో ఉన్నదీ నేను చదివిందీ ఒకటేనా అని సరిచూసే పని చిన్నదానిది. ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో పడి లేచాక, ఊసుపోతుందని ఓనరుని అడిగి నేనే ఇప్పించాను. పడుకుని చేసుకోవచ్చు. దాని అసలు పని సర్వే. మూడు కాళ్ళ స్టాండు మీద యంత్రం పెట్టి, ఒక కన్ను మూసుకుని, ఎండలో నిలబడి రోడ్లకి కొలతలు తీయడం. ఆ ఒంటితో అది ఇప్పుడెక్కడ చేస్తుంది?

జులై 4

చిన్నది నిద్రలో ఉండగా దాని ఫోన్ మోగితే తీశాను. వాళ్ళ ఆఫీసరు. కొండ మీద కొత్త రోడ్డు వేస్తున్నారట, దాన్ని అక్కడ సర్వేయరుగా వేస్తారట, ఒకటో తేదీకల్లా చేరాలట. ఆరోగ్యం ఎలా ఉందన్నాడు. ఇంకో ఆరు నెలలు పడుతుందన్నాను. డాక్టరు అలా చెప్పాడా అన్నాడు. ఊపిరితిత్తులంటే సైకిల్ ట్యూబులు కావని చెప్పాను. అయితే నెలాఖరు దాకా చూసి ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నాడు.

నిద్ర లేపడమెందుకు? లేచాక చెబుతాను.

జులై 5

చిన్నదానికి చెప్పాలి.

జులై 8

రెండో కథ. బతికున్న మనిషి చచ్చిపోయాడని ఊళ్ళో పుకారు పుడుతుంది. పరామర్శకి జనం వస్తారు. చచ్చినాయనే తలుపు తీస్తాడు. వచ్చినవాళ్ళు మర్యాదస్తులు, ఆయన కూడా మర్యాదస్తుడే. పనులు మానుకుని వచ్చినవాళ్ళని చిన్నబుచ్చడం ఇష్టంలేక తనే కుర్చీలు వేస్తాడు, కాఫీ పెడతాడు, తన గురించి వాళ్ళు చెప్పుకునే మంచి మాటలు ట్రే పట్టుకుని నిలబడి వింటాడు. సాయంత్రానికి ఆయన భార్య కూడా ఏడుపు మొదలుపెడుతుంది. అప్పుడాయన చెప్పులు వేసుకుని, వచ్చినవాళ్ళతో పాటు వెళ్ళిపోతాడు.

చెవులాయన ఇవాళ భోజనానికి లేవలేదు. ఇంట్లో వాళ్ళావిడకి ఫోన్ చేసి, ‘ఏం లేదు, ఊరికే’ అన్నాడు.

ఏడు వందల పేజీల పాయసం వండినాయన (నా తిట్టు కాదు, ఓ విమర్శకుడిది) ఇవెప్పుడు రాశాడు? నవలల మధ్యలో, తలుపేసుకునా? జనమంతా దేవుడిలా చూస్తుంటే ఆయనకి లోపల ఇంత కుళ్ళు ఉందని తెలిస్తే నేను నవలలు ఇంకాస్త ఇష్టంగా చదివి ఉండేదాన్ని.

సాయంత్రం తమాషా జరిగింది. చిన్నది, ‘కిందకెళ్ళి కాసేపు నడిచొస్తా’ అంది. నా చేతులు వాటంతటవే చప్పట్టు కొట్టాయి, తప్పు పడ్డప్పుడు కొట్టే చప్పట్టు. ఇద్దరం నవ్వుకున్నాం. దాని నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. ఊపిరి సరిగ్గా అందడం లేదేమో.

జులై 10

ఈ కథల పిచ్చి నన్ను పట్టుకుంది. ఎవర్ని చూసినా ఏదో ఒక కథలో కూర్చోబెట్టేస్తున్నాను. కింది వాటాలో ఉండే ఇంటాయన ఆ చుట్టమే, సందేహం లేదు. వచ్చి కూర్చుని నవ్వుతాడు, నేను అడక్కుండానే నా బాధలన్నీ చెప్పేసుకుంటాను, మర్నాడు అద్దె పెంచుతాడు. ఓనరు చచ్చి కాఫీ పెట్టే రకం. ఆయన కంపెనీ ఎప్పుడో పోయింది, చెప్పడానికి మొహమాటం. నా మాజీ భర్తకి ఏ కథలోనూ చోటు లేదు. నవలలో పడేశాను, తమ్ముడి పక్కన, తప్పిపోయాడు కానీ ఎవరూ వెతకలేదు.

నేను మాత్రం ఎక్కడా లేను. హమ్మయ్య.

డాక్టరు పోయిన నెల చిన్నదాన్ని చూసి, ఇక నా దగ్గరికి రానక్కర్లేదమ్మా అన్నాడు. పేషెంట్లు ఎక్కువై విసుక్కున్నట్టున్నాడు. వేరే డాక్టర్ని చూడాలి.

జులై 12

చిన్నదాని చెప్పులకి మట్టి. అడుగున ఎండిపోయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. పనామె వేసుకుని ఎక్కడికో వెళ్ళుంటుంది. ఆవిడ కాలు దాని కాలికి రెట్టింపు, అయినా ఎలా దూర్చిందో.

చెప్పులు కడిగి మూలన పెట్టాను. చిన్నది నన్నే చూస్తూ కూర్చుంది. ఏమైనా కావాలా అంటే ఏమీ వద్దంది.

ఆఫీసరు సంగతి రేపు చెప్పాలి. ఇవాళ దాని మొహం బాగాలేదు.

జులై 15

మూడో కథ రేపు. ఎప్పటిలాగే ముందుగా ఒకసారి చదువుకున్నాను. ఇది మాత్రం పెద్దాయనకి నిద్ర చాలనప్పుడు రాసినట్టుంది.

ఒక తల్లి, ఎదిగిన కొడుకు. వానలో తడిసి కొడుకు జబ్బు పడతాడు. తల్లి రాత్రీ పగలూ కూర్చుని సేవ చేసి బతికిస్తుంది. పాలు తాగిస్తుంది, ఒళ్ళు తుడుస్తుంది, నుదుటి మీద చెయ్యేసి చూస్తుంటుంది. ఒకరోజు వైద్యుడు వచ్చి కొడుకుని లేచి నిలబడమంటాడు. కాళ్ళు నిలవవు. నిజంగానే నిలవవు. అప్పుడు తల్లి మొహంలో కంగారు కంటే ముందు ఇంకేదో వస్తుంది. వైద్యుడు తల తిప్పుకుంటాడు. కథ అయిపోయింది.

ఏమిటిది? కాళ్ళెందుకు నిలవలేదు? ఒక్క ముక్క చెప్పడు. అంత సేవ చేసిన మనిషిని పట్టుకుని మొహంలో ఇంకేదో వచ్చిందని రాస్తాడా? ఈయన జ్వరంలో ఉండగా ఎవరైనా గ్లాసెడు మంచినీళ్ళిచ్చారో లేదో. ఇవ్వకుండా ఉండాల్సింది.

జులై 16

మూడో కథ పొద్దున్న మొదలుపెడితే సాయంత్రానికి అయింది. మామూలుగా గంట పని. మొదట గొంతు గరగరలాడింది. వేడినీళ్ళు తాగాను. తర్వాత కుర్చీ కిర్రుమంది, కుర్చీ మార్చారు. తర్వాత ఏసీ చప్పుడని ఆపించాను, చెమటలు పట్టాయని మళ్ళీ వేయించాను. చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు ఎర్రబడ్డాయి. ఎవరో కచేరీకి వచ్చినట్టుందని చెవులాయన అన్నాడు. తన పని చూసుకోమన్నాను. పాపం, హెడ్‌ఫోన్ పెట్టేసుకున్నాడు.

ఒకచోట కన్ను జారింది. మధ్యాహ్నం అనే మాటతో మొదలయ్యే ఒక పేరా, దాని కింద మళ్ళీ మధ్యాహ్నం అనే మాటతోనే ఇంకో పేరా. ఇలా పక్కపక్కనే ఉంటే మాలాంటివాళ్ళకి కన్ను జారి కిందదానికి వెళ్ళిపోతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చెబుతారు. చప్పట్టు కొట్టి వెనక్కి వెళ్ళొచ్చు. కానీ అప్పటికే బాగా వస్తోంది, ఎందుకు చెడగొట్టడం? కథకేమీ లోటు రాలేదు.

జులై 17

రేపు చెబుతాను. తప్పకుండా.

జులై 19

ఈసారి సరిచూడక్కర్లేదు, నీకు తలనొప్పిగా ఉంటుంది అన్నాను చిన్నదానితో. నాకేం తలనొప్పి లేదంది. రాబోతుందన్నాను. పుస్తకం ఇమ్మని చెయ్యి చాచింది. పుస్తకం రికార్డింగ్ గదిలో మర్చిపోయానన్నాను. నీ సంచిలో కనిపిస్తోందంది. కొలతలు తీసేవాళ్ళతో ఇదే గొడవ, దూరం నుంచే అన్నీ కనిపిస్తాయి.

ఇచ్చాను.

జులై 20, శనివారం

వరసగా రాస్తాను. లేకపోతే నాకు తోచినట్టు మార్చేసుకుంటాను.

సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. చిన్నది ముందు గదిలో, మంచం మీద కాదు, బల్ల దగ్గర కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటోంది. ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్సిల్. నేను వంటగదిలో ఉతికిన గుడ్డలే మళ్ళీ మడతపెడుతున్నాను. అది హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

‘అక్కా, ఒక పేరా పోయింది.’

కన్ను జారుంటుంది, పక్కపక్కన ఒకే మాట ఉంటే అంతే, సోమవారం అతికిస్తానులే అన్నాను. ఏ పేరా అని నేను అడగలేదు. అడగలేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

అప్పుడది పుస్తకం ఎత్తి పైకి చదివింది. నాలా చదవడం దానికి రాదు. భావం లేదు, ఒడుపు లేదు, రోడ్డు కొలతలు అప్పజెబుతున్నట్టు చదివింది.

‘మధ్యాహ్నం తల్లి బజారుకి వెళ్ళగానే కొడుకు లేచాడు. దుప్పటి మడిచి పెట్టాడు. గదిలో అటూ ఇటూ నడిచాడు. గడప దాటి వీధిలో నిలబడి, దారినపోయే బండివాడితో వాన గురించి మాట్లాడాడు. తల్లి సందు మలుపు తిరగడం చూసి లోపలికి వచ్చి పడుకున్నాడు. ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, వేడి ఇంకా తగ్గలేదురా అంది. ఎండలో నడిచి వచ్చిన చెయ్యి అది. అవునమ్మా, అన్నాడు కొడుకు.’

గుడ్డలు చేతిలోనే ఉన్నాయి. నేను ఏదో అనాలి కాబట్టి, పనికిమాలిన పేరా, లేకపోయినా కథ నిలుస్తుందన్నాను.

‘ఇది లేకపోతే కథే లేదక్కా’ అంది.

తర్వాత చెప్పింది. మెల్లగా, నేనేదో పింగాణీ గిన్నెనైనట్టు చెప్పింది. ముందు మేడ మీదకి వెళ్ళేదట. తర్వాత వీధి చివరికి. ఈ మధ్య నేను రికార్డింగ్‌కి వెళ్ళినప్పుడల్లా వాళ్ళ ఆఫీసుకే వెళ్ళొస్తోందట, యంత్రం మోసుకుని కాలవ గట్టు మీద కొలతలు కూడా తీసిందట. నేను వచ్చేసరికి మంచం మీద. ఒంట్లో బాగై చాలా కాలమైందట.

మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం అని అడిగాను. గొంతు లేచింది. ఊరంతటికీ వినిపించి ఉంటుంది, గొంతే కదా నా బతుకుతెరువు.

‘మాత్రలు ఇచ్చేటప్పుడు నీ మొహం నువ్వెప్పుడూ చూసుకోలేదక్కా. అమ్మ పోయాక నిన్ను అంత సంతోషంగా చూళ్ళేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకునేదాన్ని.’

అంటే ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశావన్నమాట అన్నాను.

‘అవును. ఆఫీసరు ఫోన్ చేసిన సంగతి ఆయన ఆ సాయంత్రమే నాకు చెప్పాడు. నువ్వు చెబుతావేమోనని చూస్తూ కూర్చున్నాను.’

నేను ఏమన్నానో రాయను. రాయకపోవడమే మంచిది. ఆఖర్న పుస్తకం తీసి గోడకేసి కొట్టాను. అట్ట ఊడింది, పెద్దాయన మొహం నేల మీద పడి అలాగే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. చచ్చి యుగాలైన మనిషి నా ఇంట్లో దూరి నా చెల్లెల్ని లేపి నిలబెట్టాడు. ఎవరి తరఫు చుట్టమో.

జులై 21

దానికి అన్నం వడ్డించి, నేను వంటగదిలో తిన్నాను.

జులై 22

నాకు కోపంగా ఉంది. దానికి కోపం లేదు. అందుకు ఇంకా కోపంగా ఉంది.

మాత్రల డబ్బా తెరిచి చూశాను. నేనిచ్చిన మాత్రలు సగం అందులోనే ఉన్నాయి. తీసినవి తీసినట్టు మళ్ళీ పెట్టేసిందన్నమాట. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాకపోతే మంచి డబ్బా అనుకున్నాను కాబోలు.

జులై 23

కన్ను జారలేదు.

రికార్డింగ్ ముందు రోజే చదివాను ఆ పేరా. చదివి, పుస్తకం మూసేశాను. ఇక్కడ కథ రాసుకున్నప్పుడు కూడా వదిలేశాను. వదిలేసి, కాళ్ళెందుకు నిలవలేదో చెప్పలేదని ఆయన్నే తిట్టాను. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాసుకున్నదాన్ని, నా అంత ఘనురాలు ఉండదు.

ఆస్పత్రిలో ఆ అద్దం తలుపు అవతల దాని నోటికి గొట్టం పెట్టినప్పుడు, దీన్ని నాకు ఇచ్చెయ్యి, ఇక వదల్ను అని మొక్కుకున్నాను. ఎవరికి మొక్కానో గుర్తులేదు, నాకు దేవుడి మీద అంత నమ్మకం కూడా లేదు. ఇచ్చాడు. నేను మాట మీద నిలబడ్డాను. అదీ నేను చేసిన పని.

భయమేసింది. ఇంకా వేస్తోంది. అది బయటికెళితే దానికేమవుతుందోనని కాదు. అది వెళ్ళాక ఆ మధ్యాహ్నాలు నేనేం చేసుకోవాలి?

జులై 24

ఆ పేరా చదవడానికి వెళ్ళాను. కుర్చీ, ఏసీ, వేడినీళ్ళు అన్నీ చెవులాయన ముందే సిద్ధం చేసి పెట్టాడు. ఏవీ అక్కర్లేకపోయాయి. ఒకే టేకులో అయిపోయింది. ‘అవునమ్మా, అన్నాడు కొడుకు’ దగ్గర గొంతు కొద్దిగా వణికింది. మళ్ళీ చదవనా అంటే, అక్కర్లేదు మేడమ్, అక్కడ వణికితే తప్పు కాదన్నాడు. పని చూసుకోమన్నాను, ఈసారి నవ్వుతూ.

సాయంత్రం ఓనరు ఫోన్. కథలు విన్నాడట. ఇవేమిటండీ, ఇంటిల్లిపాదీ వినదగ్గవని అట్ట మీద వేశాం, మూడో కథ తీసేద్దామా అన్నాడు. తీసేస్తే నా గొంతు కూడా తీసేసుకోండన్నాను. అంత మాటన్నాక కాసేపు నాకే భయమేసింది, వేరే పని లేదు మరి. ఆయన మొహమాటస్తుడు, ఉంచేద్దాం లెండి అన్నాడు. ఇంటిల్లిపాదీ వినాల్సింది అదొక్కటే.

జులై 25

చిన్నదానితో చెప్పాను. ఆఫీసరు ఫోన్ చేశాడని, ఒకటో తేదీకల్లా చేరాలన్నాడని, ఆరు నెలలు పడుతుందని నేనే అబద్ధం చెప్పానని. అన్నీ తెలిసినవే అయినా మొదటిసారి వింటున్నట్టు విన్నది. అంతా అయ్యాక, ‘నేను వెళ్ళనా అక్కా?’ అంది.

నన్ను అడక్కు అన్నాను. అడిగితే వద్దంటాను.

జులై 29

సంచి సర్దుకుంటోంది. మందులు నేను పెట్టాను, అది తీసింది. స్వెట్టర్ పెట్టాను, అది ఉంచుకుంది. రెండో స్వెట్టర్ పెట్టాను, తీసింది. మఫ్లర్ చుట్టూ ఇద్దరం కాసేపు పోట్లాడుకున్నాం. చివరికి నేను మంచం మీద కూర్చుని చూస్తుండాలని, ముట్టుకోకూడదని ఒప్పందం జరిగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చేతులకి ఇంత బరువుంటుందని నాకు తెలీదు.

జులై 31

వెళ్ళింది. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను. పక్కసీటావిడతో జాగ్రత్తగా చూసుకోమని చెప్పబోయి ఆగాను. ఆగినందుకు నాకు ఎవరైనా ఏదైనా ఇవ్వాలి.

ఆగస్టు 3, శనివారం

పని లేదు. ఇల్లు తుడిచాను, పనామె తుడిచాక. ఆవిడకి కోపం వచ్చింది.

ఆగస్టు 6

పెద్దాయన నాలుగో కథ కూడా చదివేశాను. చెప్పను. చెవులాయన అది విని రెండు రోజులు పనికి రాలేదు.

చిన్నది రోజూ మాట్లాడుతోంది. కొండ మీద చలిగా ఉందట, కింద మబ్బులు కనిపిస్తాయట, యంత్రంలోంచి చూస్తే ఎదుటి కొండ మీద మేకలు లెక్కపెట్టొచ్చట. చలి అనగానే రెండో స్వెట్టర్ మాట నోటి దాకా వచ్చింది. మేకల గురించి అడిగాను.

ఆగస్టు 11, ఆదివారం

చిన్నదానికి జ్వరం.

మధ్యాహ్నం ఫోన్ చేసి తనే చెప్పింది. వానలో యంత్రం తడవకుండా తన గొడుగు దానికి పట్టిందట, తను తడిసిందట. యంత్రానికి జలుబు చేస్తుందని కాబోలు. గొంతు బొంగురుగా ఉంది. ఊపిరి ఎలా ఉంది, దగ్గుతుంటే నొప్పి ఉందా అని అడిగాను. లేదంది. నిజం చెప్పమన్నాను. నిజమే అంది. ఇదివరకు కూడా నిజమే అన్నట్టు పడుకునేది, ఇప్పుడు దేన్ని నమ్మాలి?

ఫోన్ చెవి దగ్గర ఉండగానే రెండో చేత్తో బీరువా తెరిచాను. చీరలు రెండు సంచిలో పడ్డాయి. సాయంత్రం బస్సు ఉంది, తెల్లారేసరికి కొండ కింద దింపుతుంది. నేను ఏం చేస్తున్నానో దానికి వినిపించకూడదని మెల్లగా జిప్పు వేశాను.

అప్పుడు ఆగి, అడిగాను. ‘నేను రానా?’

చాలాసేపు ఏమీ వినిపించలేదు. దానికి రమ్మనాలని ఉందో, వద్దనడానికి భయమేస్తోందో నాకు తెలీలేదు. దాన్ని పెంచానని చెప్పుకుంటాను, అదొక్కటి తెలీలేదు. కానీ ఈసారి నేను దాని తరఫున జవాబు చెప్పలేదు.

‘వద్దక్కా’ అంది. ‘ఇక్కడ డాక్టరు ఉన్నాడు. రాత్రికి పక్క గదిలో అమ్మాయి తోడు పడుకుంటానంది. వద్దు.’

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక సంచిలోంచి చీరలు తీసి బీరువాలో పెట్టాను. మళ్ళీ సంచిలో పెట్టాను. మళ్ళీ తీశాను. చివరికి ఒకటి కట్టుకుని చెవులాయన వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళావిడతో కూర్చుని, ఆవిడ ఏం మాట్లాడుతోందో ఒక్క ముక్క వినకుండా బస్సు వెళ్ళే వేళ దాటిపోయేదాకా ఉన్నాను. ఏడ్చాను కూడా. ఆవిడ ఇంకో కాఫీ పెట్టింది.

ఆగస్టు 12

పొద్దున్నే ఫోన్ చేసింది. చెమట పట్టి జ్వరం దిగిపోయిందట, ఆకలేస్తోందట.

నేను వెళ్ళకుండానే తగ్గిపోయింది.